ఆలోచనను ఆపాలా, నడిపించాలా, ఊరికే చూడాలా? గుహ్యవిద్యలోని ధ్యాన పద్ధతుల్లో మీకు సరిపోయేది ఏది

ధ్యాన పద్ధతుల గురించి ఆరా తీసేవాళ్లు ఎక్కువగా అడిగేది ‘ఏ పద్ధతి గొప్పది?’ అని. దీనికి జవాబు చెప్పడానికి ప్రతి సంప్రదాయంలోనూ మనుషులు సిద్ధంగా ఉంటారు, అందరూ తమదే గొప్పదంటారు. దానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ధ్యానం చేయనప్పుడు, అంటే మిగిలిన రోజంతా, మీ మనసు ఏం చేస్తోంది? కళ్లు మూసుకుని కూర్చున్న అరగంటకీ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏదో ఆలోచిస్తూ గడిపిన అరగంటకీ వాడేది ఒకే మనసు. చాలా గుహ్యవిద్యా సంప్రదాయాలు (కంటికి కనిపించని లోపలి శక్తుల గురించి, సాధనల గురించి చెప్పేవి) తక్కిన విషయాల్లో ఎంత కొట్లాడుకున్నా ఈ ఒక్కదాని దగ్గర కలుస్తాయి. మామూలు ఆలోచనకు ఏ జబ్బు ఉందో చూసి ధ్యానాన్ని ఎంచుకోవాలి. ధ్యానంలో ఏ అనుభవం కావాలో అనుకుని ఎంచుకుంటే చాలాసార్లు ఉన్న జబ్బే ముదురుతుంది.

ఎవరి లెక్కలో ఆలోచన అంటే ఏమిటి

యోగసూత్రాలు రాసిన పతంజలి లెక్కలో చిత్తవృత్తులు, అంటే మనసులో లేచే కదలికలు, ఐదు: ప్రమాణం, విపర్యయం (తప్పుడు జ్ఞానం), వికల్పం (మాటల మీదే నిలిచే కల్పన), నిద్ర, స్మృతి (జ్ఞాపకం). చాలామంది ఇక్కడ ఒక సంగతి గమనించరు. సరైన జ్ఞానం, అంటే ప్రమాణం కూడా ఈ జాబితాలో ఉంది. అంటే చెడ్డ ఆలోచనలను వదిలించుకోవడం వరకే ఆయన ఆగలేదు. మంచివైనా చెడ్డవైనా వృత్తులు వృత్తులే, నిరోధం, అంటే ఆపడం, అన్నిటికీ.

1875లో న్యూయార్క్‌లో పుట్టి, 1882లో మద్రాసులోని అడయారుకు చేరిన దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) దారి వేరు. అక్కడ మనస్సు రెండు పొరలు. కోరికతో కలిసిపోయిన కింది మనస్సు ఒకటి, కోరిక అంటని పై మనస్సు ఒకటి. మన రోజువారీ ఆలోచనలో ఎక్కువ భాగం మొదటిదే. ఆలోచన ఒక సూక్ష్మ పదార్థంలో రూపం కడుతుందనీ, దాని గుణాన్ని బట్టి రంగు, స్వభావాన్ని బట్టి ఆకారం, స్పష్టతను బట్టి అంచు ఏర్పడతాయనీ ఆ సమాజం నాయకులు అనీబిసెంట్, లెడ్‌బీటర్ చెప్పారు. ఇది దివ్యదృష్టితో చూశామన్నవాళ్ల మాట. బయటి రుజువు లేదు. నమ్మకపోయినా వాళ్ల సాధన పనికొస్తుంది, ఎలాగో కింద చూద్దాం.

రుడాల్ఫ్ స్టయినర్ (1861–1925) మొదట ఆ సమాజం జర్మన్ శాఖను నడిపి, తర్వాత విడిపోయి ఆంథ్రోపోసఫీ అనే సొంత ఆధ్యాత్మిక మార్గం పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో స్పష్టంగా, ఇష్టపూర్వకంగా చేసే ఆలోచన అప్పటికే ఆధ్యాత్మిక క్రియ. దాన్ని ఆపకూడదు, బలపరచాలి. శ్రీ అరవిందులు ఆలోచనలు మనలో పుట్టవనీ, బయటినుంచి వచ్చి లోపలికి దూరతాయనీ అన్నారు. ఆధ్యాత్మిక గురువు గుర్జియెఫ్ ఇంకా కటువుగా, మనిషి ఆలోచించడు, ఆలోచనలు వాటంతటవే జరిగిపోతుంటాయి అన్నాడు. రమణ మహర్షి అన్ని ఆలోచనలకూ ‘నేను’ అనే ఒక్క ఆలోచనే మూలం అన్నారు.

చూడగా ఆలోచనను ఆపేవాళ్లు, నడిపేవాళ్లు, చూసేవాళ్లు అని మూడు జట్లు తేలుతున్నాయి. ఏ జట్టులో చేరాలో తేల్చేముందు ఒక వారం పని ఉంది.

ముందు వారం రోజుల పరిశీలన

ఫోనులో రోజుకు ఐదు అలారాలు పెట్టుకోండి. గంటకొకటి చొప్పున వరసగా వద్దు, రోజంతా చెదురుగా ఉండాలి. మోగగానే, అంతకు అర నిమిషం ముందు మనసులో ఏం నడుస్తోందో ఒక్క వాక్యంలో రాయండి. ధ్యానం చేయకండి, ఏదీ సరిదిద్దకండి. వారానికి 35 వాక్యాలు అవుతాయి. వాటిని నాలుగు గుంపులుగా విడదీయండి.

ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అయితే ‘చెదురు’. అదే మనిషి, అదే గొడవ, అదే భయం మళ్లీ మళ్లీ వస్తే ‘తిరుగుడు’. ‘ఏం ఆలోచిస్తున్నానో గుర్తు లేదు’ అన్నవి ‘మబ్బు’. జరగని సంభాషణలు, రాని విజయాలు, సంకేతాలు, శకునాలు, తనకేదో ప్రత్యేకమైన పాత్ర ఉందన్న భావనలు అయితే ‘తేలుడు’. ఏ గుంపు పెద్దదైతే అదే మీ జబ్బు. రెండు సమానంగా వస్తే తిరుగుడుకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి, ఎందుకంటే అది మిగతా సాధనలన్నిటిలోకీ చొరబడుతుంది.

చెదిరే మనసుకు: గుండుసూది, ధారణ

ఇక్కడ నిజమైన పోటీ ఈ రెండు పద్ధతుల మధ్యే.

స్టయినర్ చెప్పిన ఆరు అనుబంధ సాధనల్లో మొదటిది ఆలోచన మీద అదుపు. గుండుసూది, పెన్సిల్ లాంటి ఏమాత్రం ఆకర్షణ లేని వస్తువును తీసుకుని, రోజుకు కనీసం ఐదు నిమిషాలు దాని గురించే ఆలోచించాలి. ఇది ఏ లోహం, తీగ ఎలా సాగింది, తల ఎందుకు పెట్టారు, మొన ఎలా వచ్చింది, ఇది లేనప్పుడు ఏం వాడేవారు, ఇలా. ప్రతి ఆలోచనా దాని ముందుదానితో అతకాలి. దారి తప్పినట్టు తెలియగానే మొదటికి వెళ్లకుండా, చివరిగా సరిగ్గా ఉన్న లంకె దగ్గరికి రావాలి. చివర్లో లోపల మిగిలే ఒక నిలకడ, గట్టిదనం లాంటి భావాన్ని గమనించి, దాన్ని తలలోకీ వెన్ను మధ్యలోకీ పోస్తున్నట్టు భావించి ముగించాలి. ఇది ఒక నెల.

వస్తువు ఎందుకు అంత చప్పగా ఉండాలి? దేవుడి రూపమో, తామరపువ్వో అయితే ఆ వస్తువే మనసును లాగుతుంది, మీ ఇచ్ఛాశక్తికి పని ఉండదు. గుండుసూదిలో లాగే గుణం లేదు కాబట్టి ప్రతి అడుగూ మీరే వేయాలి. రెండో వారంలో విసుగు భరించలేనంతగా వస్తుంది. చాలామంది అక్కడే వస్తువు మార్చేస్తారు, అసలు పని మొదలయ్యేది అక్కడే అయినా.

ఇందులో చెడేవి కొన్ని ఉన్నాయి. రోజుకో కొత్త వస్తువు తీసుకుంటే సాధన సామాన్య జ్ఞానం పరీక్షలా తయారవుతుంది. ముందే ఇంటర్నెట్‌లో వెతికి సమాచారం పోగుచేసుకుంటే జ్ఞాపకశక్తి పనిచేస్తుంది, ఆలోచన కాదు. నాలుగో రోజుకు అవే వాక్యాలు వరసగా వాటంతటవే వచ్చేస్తుంటే యాంత్రికమైందని అర్థం. అప్పుడు వస్తువును ఉంచి, మొదలుపెట్టే చోటు మార్చండి: తల దగ్గరినుంచి కాక మొన దగ్గరినుంచి. ఐదు నిమిషాలు బాగుందని ఇరవైకి పెంచడం కూడా తప్పే. చెదిరే మనసు ఇరవై నిమిషాలు నిలవదు, నిలిచినట్టు నటిస్తుంది.

రెండో నెలలో, ఏ అవసరమూ లేని ఒక చిన్న పనిని రోజూ తానే పెట్టుకున్న సమయానికి చేయాలి. ఉంగరాన్ని ఒక వేలినుంచి ఇంకో వేలికి మార్చడం లాంటిది చాలు. ఆ తర్వాత నెలకొకటిగా సుఖదుఃఖాల్లో సమత్వం, ప్రతిదానిలో మంచిని చూడటం, కొత్తదానికి మనసు తెరిచి ఉంచడం, చివరికి ఐదింటినీ కలపడం. కొత్తది మొదలైనా పాతది మానకూడదు. గుహ్యజ్ఞానంలో ఒక అడుగు వేయాలంటే శీలంలో మూడు అడుగులు వేయాలన్నది స్టయినర్ నియమం. ఈ ఆరూ అందుకే.

పతంజలి ధారణ దీనికి దాదాపు ఎదురు. చిత్తాన్ని ఒక చోట కట్టివేయడమే ధారణ. అక్కడ ఆలోచన నడవదు, నిలుస్తుంది. ఆ ఒకే భావం తెగకుండా సాగితే ధ్యానం. వస్తువు ఒక్కటే మెరిసి, ‘నేను చూస్తున్నాను’ అన్నది కూడా జారిపోతే సమాధి. మూడూ ఒకే విషయం మీద జరిగితే సంయమం. వివేకానందుడు కూర్మ పురాణం నుంచి ఇచ్చిన లెక్క ఒకటుంది: మనసు 12 సెకన్లు నిలిస్తే ధారణ, అలాంటివి 12 కలిస్తే ధ్యానం, అవి 12 కలిస్తే సమాధి. అంటే 12 సెకన్లు, 2 నిమిషాల 24 సెకన్లు, 28 నిమిషాల 48 సెకన్లు. ‘రోజూ గంట ధ్యానం చేస్తున్నాను’ అనేవాళ్లు ఈ లెక్కతో ఒకసారి పోల్చుకోవడం మంచిది.

ఆచరణకు పది నిమిషాలు చాలు. ముక్కు కొన దగ్గర శ్వాస తాకే చోటో, గుండె ప్రాంతమో ఒక్కటి ఎంచుకుని, మూడు శ్వాసలు తెగకుండా అక్కడే ఉండటం లక్ష్యంగా పెట్టుకోండి. మూడు కుదిరితే మళ్లీ మూడు. ఎక్కువగా చెడేది కనుబొమల మధ్య. అక్కడ దృష్టి పెట్టమన్న మాట విని కళ్లను లోపలికి గుంజుతారు, దవడ బిగుస్తుంది, తెలియకుండా ఊపిరి బిగబడతారు. గంట తర్వాత నుదుటి నొప్పి వస్తే దాన్ని శక్తి మేలుకోవడం అనుకుంటారు. అది కండరాల నొప్పి. స్థానాన్ని గుండె దగ్గరికి మార్చండి, ఒకరోజు విరామం ఇవ్వండి.

ఏది ఎంచుకోవాలి? ఒక ఆలోచనను చివరిదాకా ఆలోచించలేనివాళ్లు, చదువుతూ చదువుతూ పేజీ మధ్యలో ఎటో వెళ్లిపోయేవాళ్లు గుండుసూదితోనే మొదలుపెట్టాలి. వాళ్లు నేరుగా ధారణకు దిగితే పది నిమిషాలూ మనసుతో కుస్తీయే. రోజంతా లెక్కలు, కోడింగ్, వాదనలు చేసేవాళ్లకు మాత్రం గుండుసూది ఇంకో ఉద్యోగంలా ఉంటుంది. ఆలోచనను వరసలో నడపడం వాళ్లకు ముందే వచ్చు, ఆపడమే రాదు. వాళ్లకు ధారణ.

తిరుగుడు మనసుకు

ఇక్కడ ఎంపికలు నాలుగు. అందులో రెండు తప్పుగా వాడితే హాని.

మొదటిది ప్రతిపక్ష భావన. వితర్కాలు, అంటే చెడు ఆలోచనలు, బాధిస్తే వాటికి ఎదురు భావాన్ని పెట్టమని పతంజలి చెప్పాడు. దివ్యజ్ఞాన సమాజం వాళ్ల సలహా కూడా దాదాపు ఇదే. ఆలోచనతో పోట్లాడితే దానికి మేత వేసినట్టే, దాని చోటులో ఇంకొకదాన్ని కూర్చోబెట్టండి అంటారు. ఆచరణలో చాలామంది కోపానికి ‘శాంతి’ అనే మాట ఎదురు పెడతారు. అది పనిచేయదు, ఎందుకంటే కోపం ఒక మనిషి మీద, ఒక సంఘటన మీద ఉంది. శాంతి ఎవరి మీదా లేదు. ఎదురు భావం కూడా అదే మనిషి గురించి ఉండాలి: అతను ఒకసారి చేసిన నిజమైన మేలు, అతనికున్న ఒక నిజమైన కష్టం. పొద్దున పది నిమిషాలు దాన్ని వివరంగా తలచుకుని, పగలు పాత ఆలోచన లేచినప్పుడు ఒక్క వాక్యంతో గుర్తు చేసుకుంటే చాలు.

ఆలోచన రూపం కడుతుందని పైన చెప్పిన భావరూపాల సిద్ధాంతం చదివినవాళ్లకు ఒక కొత్త భయం పట్టుకుంటుంది: నా చెడు ఆలోచన ఎవరినో తాకిందేమో అని. అనీబిసెంట్, లెడ్‌బీటర్ చెప్పిన మూడో సూత్రాన్నే గుర్తు చేసుకోండి. స్పష్టత లేని ఆలోచనకు అంచు ఉండదు. వచ్చి పోయే చెత్త ఆలోచన ఆ సిద్ధాంతం ప్రకారమే బలహీనమైనది, దానంతటదే కరిగిపోయేది. కూర్చుని, వివరాలు జోడించి, రోజూ పెంచుకున్నదే సమస్య. చెడు ఆలోచన రాగానే దాన్ని ‘రద్దు’ చేయడానికి ఏదో జపించకపోతే ఉండలేని స్థితి ఉంటే మాత్రం ప్రతిపక్ష భావన వద్దు. అది రద్దు చేసే అలవాటునే పెంచుతుంది. అలాంటివాళ్లకు ముందు కావలసింది మానసిక వైద్యుడు.

రెండోది రాత్రి వెనక్కి చూసుకోవడం, ఇదీ స్టయినర్‌దే. పడుకునే ముందు ఐదు నుంచి పది నిమిషాలు, చివరి సంఘటన నుంచి పొద్దున నిద్ర లేవడం దాకా రోజును తిరగేసి చూడాలి. మెట్లు దిగి ఉంటే, చివరి మెట్టు నుంచి పైకి వెళ్తున్నట్టు చూడాలి. ఎందుకు వెనక్కి? ముందుకు చూస్తే ‘అతను అలా అన్నాడు కాబట్టి నేను ఇలా అన్నాను’ అనే వాదన తనంతట తానే అల్లుకుంటుంది. వెనక్కి చూస్తే జవాబు ముందు వస్తుంది, రెచ్చగొట్టిన మాట తర్వాత వస్తుంది, వాదన నిలబడదు. తిరుగుడు మనసుకు మా మొదటి సిఫారసు ఇదే. మధ్యాహ్నం దాకా వెళ్లేసరికి నిద్ర పట్టేయడం మామూలే. అప్పుడు రోజంతా కాకుండా ఒక గంటను మాత్రం తీసుకోండి. తీర్పు చెప్పకుండా, పరాయి మనిషి రోజును చూసినట్టు చూడటం కష్టమైన భాగం. పశ్చాత్తాపంతో నిద్ర చెడుతుంటే సాయంత్రానికి మార్చండి.

మూడోది సాక్షిగా చూడటం. 1908 జనవరిలో బరోడాలో విష్ణు భాస్కర్ లేలే అనే యోగి శ్రీ అరవిందులకు చెప్పిన పద్ధతి ఇది. కూర్చోండి, ఆలోచనలు బయటినుంచి వస్తున్నట్టు గమనించండి, లోపలికి దూరకముందే వాటిని తోసేయండి. మూడు రోజుల్లో మనసు నిశ్శబ్దమైందని అరవిందులు చెప్పుకున్నారు. ఆ మూడు రోజులను గడువుగా పెట్టుకోకండి. ఆయన అప్పటికే ఏళ్ల తరబడి ప్రాణాయామం చేసిన మనిషి. ఇందులో పనికొచ్చేది గడువు కాదు, ‘ఇది నాది కాదు’ అనే మొదటి అడుగు. నెలల తరబడి ఒకే బాధతో ఉన్నవాళ్లకు ఆ ఎడం చాలా మేలు చేస్తుంది.

నాలుగోది రమణుల ఆత్మవిచారం. ఆలోచన రాగానే ‘ఇది ఎవరికి?’ అని, ‘నాకు’ అని జవాబు వస్తే ‘ఆ నేను ఎవరు?’ అని, ఆ ప్రశ్న ఎటు చూపిస్తుందో అటు తిరగాలి. ప్రశ్నను జపం చేయకూడదు, జవాబు వేదాంత వాక్యంతో చెప్పుకోకూడదు. ఈ రెండు తప్పులే ఎక్కువ. పుస్తకాలు బాగా చదివినవాళ్లకు రెండోది తప్పించుకోవడం మరీ కష్టం, కాబట్టి వాళ్లకు ఇది మొదటి ఎంపిక కాదు. తనను తాను నిందించుకోవడం అలవాటైనవాళ్లకూ కాదు.

మబ్బు కమ్మిన మనసుకు

కళ్లు మూసుకుని కూర్చునే ఏ పద్ధతీ వద్దు, నిద్రపోతారు. గుర్జియెఫ్ శిష్యుడు ఉస్పెన్‌స్కీ (1878–1947) వివరించిన పరీక్షతో మొదలుపెట్టండి: గడియారం సెకన్ల ముల్లును చూస్తూ, అదే సమయంలో ‘నేను ఇక్కడ ఉన్నాను’ అన్న ఎరుకను వదలకుండా రెండు నిమిషాలు. ముల్లు మీద దృష్టి ఉంటే తాను జారిపోతాడు, తన మీద ఉంటే ముల్లు జారిపోతుంది. ఈ జారుడు ఎప్పుడు మొదలైందో పట్టుకోవడమే సాధన. కుదిరాక నడుస్తూ, గిన్నెలు కడుగుతూ చేయాలి. శరీరం బిగుసుకుపోయి, నలుగురిలో సిగ్గుపడుతున్నట్టు అనిపిస్తే శ్రమ ఎక్కువైందని అర్థం. పాదాల స్పర్శ ఒక్కటి ఎరుకలో ఉంచుకుంటే సడలుతుంది.

తేలే మనసుకు

గుహ్యవిద్య వైపు ఎక్కువగా ఆకర్షితులయ్యేది వీళ్లే. వాళ్లకు మొదట చేతికి దొరికేవి కూడా వాళ్లకు పనికిరానివే: రంగులు, చక్రాలు, ఊహాచిత్రాలు, లోకాల ప్రయాణాలు. 1888లో ఇంగ్లండులో మొదలైన గోల్డెన్ డాన్ అనే గుహ్యవిద్యా సంఘం తరహా ఊహాసాధనలు, గుహ్యవిద్యా రచయిత్రి ఆలిస్ బెయిలీ మార్గంలోని పౌర్ణమి సామూహిక ధ్యానాలు వేరే స్వభావం ఉన్నవాళ్లకు బాగుండవచ్చు. తేలే మనసుకు అవి రెక్కలు ఇస్తాయి, నేల ఇవ్వవు.

పతంజలి తొమ్మిది అంతరాయాల్లో వ్యాధి, సంశయం, అలసత్వంతో పాటు భ్రాంతిదర్శనాన్నీ (లేనిది ఉన్నట్టు కనిపించడాన్నీ) చేర్చాడు. సిద్ధులు, అంటే అతీత శక్తులు, లోకవ్యవహారంలో సిద్ధులే కానీ సమాధికి అడ్డంకులన్నాడు. కనిపించిన వెలుగుకు అర్థం వెతకడం మానేసి, గుండుసూది, రెండో నెల పని, రాత్రి వెనక్కి చూసుకోవడం, ఈ మూడు ఆరు నెలలు చేయండి. చప్పగా ఉంటాయి. మందు కూడా అదే.

కూర్చునే సమయం లేనివాళ్లకు, పద్ధతే వద్దనేవాళ్లకు

దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీ లండన్‌లో గడిపిన చివరి ఏళ్లలో ఒక శిష్యుడికి చెప్పి రాయించిన ధ్యాన పటం ఉంది. అందులో ఆసనం, గంట, మంత్రం ఏవీ లేవు. స్థలంలో అనంతంగా, కాలంలో అనంతంగా ఏకత్వాన్ని భావించడంతో మొదలై, రోజంతా నేపథ్యంలో ఉంచుకోవలసిన భావాలు, ఒప్పుకోకూడని భావాలు ఉంటాయి. కలయికలు, ఎడబాట్లు, ‘నాది’ అనుకునే ఆస్తి, మిత్రుడు–శత్రువు అన్న తేడా, ఇవి అంతిమ సత్యాలని ఒప్పుకోకపోవడం రెండో జాబితాలోవి. మామూలు ఆలోచననే ధ్యానంగా మార్చే ప్రయత్నంలో ఇంతకంటే నేరుగా వెళ్లింది అరుదు. వారానికి ఒక్క వాక్యం తీసుకోండి, మొత్తం పటం ఒకేసారి వద్దు. బంధాల్లో దెబ్బతిని ఉన్నవాళ్లు దీన్ని మనుషులనుంచి పారిపోవడానికి వాడుకునే ప్రమాదం ఉంది.

ప్రయత్నమే అలసట అనిపించేవాళ్లకు తమిళనాడులోని కుంభకోణానికి చెందిన యోగగురువు మాస్టర్ సి.వి.వి. (1868–1922) మార్గం ఉంది. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు గంటలకు నమస్కార వాక్యం చెప్పి, కళ్లు మూసుకుని, లోపల ఏం జరుగుతుందో అలా గమనించడమే. సమయపాలన తప్ప వేరే శ్రమ లేదు. మబ్బు జబ్బు ఉన్నవాళ్లు దీన్ని కునుకుగా మార్చేసుకుంటారు.

జిడ్డు కృష్ణమూర్తి 1929లో నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, దివ్యజ్ఞాన సమాజం వాళ్లు తన కోసం పెట్టిన సంస్థనే రద్దు చేసి, సత్యానికి దారి లేదన్నారు. పద్ధతి కూడా ఆలోచన అల్లినదే కదా అన్న ఆయన విమర్శ బలమైనది. పదేళ్లు ఏదో ఒక సాధన చేసి దానికే బానిసైనవాళ్లు వినాల్సిన మాట. మొదలుపెట్టేవాళ్లు వింటే మాత్రం ఏమీ చేయకపోవడానికి గొప్ప సాకు దొరుకుతుంది.

ఎంచుకున్నాక

ఆరు వారాలు ఒకే పద్ధతి. ఆపేదాన్నీ నడిపేదాన్నీ ఒకే పూటలో కలపకండి: గుండుసూదితో ఆలోచనను కదిలించి వెంటనే ధారణలో బిగిస్తే రెండూ పాడవుతాయి. పొద్దున ఒకటి, రాత్రి వెనక్కి చూసుకోవడం, ఇంతవరకు పరవాలేదు. మంత్రదీక్ష ముందే ఉంటే దాన్ని మానకుండా, కొత్తదాన్ని వేరే పూట పెట్టుకోండి. మొదటి వారంలో ఫలితం కోసం చూడవద్దు. దీర్ఘకాలం, తెరిపి లేకుండా, ఆదరంతో చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందని పతంజలి మూడు షరతులు పెట్టాడు. వాటిలో అందరూ తప్పేది రెండోదే. వారానికి ఒక్కరోజు గంటసేపు కూర్చోవడం కంటే రోజూ ఐదు నిమిషాలు మేలు.

ఆరు వారాల తర్వాత మళ్లీ ఐదు అలారాల వారం పెట్టుకుని, పాత 35 వాక్యాల పక్కన కొత్తవి పెట్టండి. ధ్యానంలో కనిపించిన వాటిని ఈ లెక్కలోకి తేకండి. పెద్ద గుంపు మూడో వంతు తగ్గి ఉంటే కొనసాగించండి. కదలకపోతే అదే జబ్బుకున్న రెండో పద్ధతికి మారండి. గుంపు మారిపోతే, ఉదాహరణకు తిరుగుడు పోయి తేలుడు వస్తే, వెంటనే నేలకు దించే సాధనలకు రండి.

నిద్ర వరసగా చెడటం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, చుట్టూ ఉన్నవన్నీ కలలా అనిపించి ఆ భావన రోజుల తరబడి పోకపోవడం, తనకు మాత్రమే సందేశాలు వస్తున్నాయన్న నమ్మకం, వీటిలో ఏది వచ్చినా సాధన ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. గురువును అడిగి చూద్దాం అని వాయిదా వేయకండి. మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు సాధన కోసం వాటిని మానకూడదు. కొత్త పద్ధతి మొదలుపెడుతున్నట్టు డాక్టరుకు ముందే చెప్పి, ఐదు నిమిషాలతో ప్రారంభించాలి.